వారానికి ఒక్క బిళ్ళ: అలెండ్రోనేట్ ఎలా వేసుకోవాలి, ఏ ఇబ్బంది వస్తే ఏం చేయాలి

నాలుగు బిళ్ళల స్ట్రిప్పులో మూడు అలాగే ఉన్నాయి. "ఇది నాకు పడట్లేదు బాబూ, వెనక్కి తీసుకో" అంటూ కౌంటర్ మీద పెట్టారావిడ. వయసు అరవై అయిదు పైనే. బాత్రూంలో కాలు జారి మణికట్టు విరిగితే, డాక్టరు స్కాన్ తీయించి ఎముకలు గుల్లబారాయని అలెండ్రోనేట్ 70 రాశారు. ఒక్క బిళ్ళకే గుండెల్లో మంట పట్టుకుందట. రెండు రోజులు అన్నం సయించలేదట.

"ఎలా వేసుకున్నారమ్మా?"

"ఎలా ఏముంది, పొద్దున్నే కాఫీతో మింగి, కాసేపు నడుం వాల్చా."

కాఫీతో మింగడం వల్ల మందు ఒంటికి పట్టలేదు. నడుం వాల్చడం వల్ల గొంతు మండింది. లాభం సున్నా, నష్టం మాత్రం మిగిలింది. తప్పు ఆవిడదని అనలేను. చీటీ మీద "వారానికి 1" అని తప్ప ఇంకో ముక్క లేదు. అమ్మిన షాపువాళ్లయినా చెప్పి ఉండాల్సింది. ఆ షాపు నాదే.

అప్పటినుంచి ఈ బిళ్ళ ఎవరికిచ్చినా రెండు నిమిషాలు ఆపి చెబుతున్నాను. ఆ రెండు నిమిషాల మాటనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మీకో, మీ అమ్మగారికో, అత్తగారికో ఈ మందు రాసి ఉంటే వరుసగా చదవండి. ఇందులో ఉన్నది మందు వాడే పద్ధతి, గమనించాల్సిన గుర్తులు. మీకు ఈ మందు కావాలా వద్దా అన్నది మాత్రం మీ రిపోర్టులు చూసిన డాక్టరే చెప్పాలి.

ముందుగా, ఇది కాల్షియాన్ని పట్టుకునే మందు

మన ఎముక ఎప్పుడూ ఒకేలా ఉండదు. కొన్ని కణాలు పాత ఎముకను తవ్వుతుంటాయి, మరికొన్ని ఆ గుంటను కొత్త ఎముకతో పూడుస్తుంటాయి. ఆడవాళ్లకు నెలసరి ఆగాక తవ్వే పని జోరందుకుంటుంది, పూడ్చే పని దాన్ని అందుకోలేదు. అలెండ్రోనేట్ ఎముకలోని కాల్షియానికి అతుక్కుని కూర్చుంటుంది. తవ్వడానికొచ్చిన కణం ఎముకతో పాటు దాన్నీ మింగి చతికిలబడుతుంది.

ఈ మందు బిస్ఫాస్ఫొనేట్ల కుటుంబానిది. మందుగా మారకముందు ఈ కుటుంబపు రసాయనాలను పరిశ్రమల్లో పైపులకు సున్నం పేరుకోకుండా వాడేవాళ్లు. మీ గీజర్‌లో తెల్లగా పెచ్చు కడుతుంది చూడండి, అలాంటిదే ఆ సున్నం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింది నియమాలు బట్టీ పట్టక్కర్లేదు. కాల్షియం ఎక్కడ కనిపిస్తే అక్కడ అతుక్కోవడమే దీని గుణం. అది ఎముకలోదా, గ్లాసులో పాలలోదా అన్న తేడా దానికి తెలియదు.

ఇంకో సంగతి. పరగడుపున సరిగ్గా వేసుకున్నా, మింగినదాంట్లో నూటికి ఒక వంతు కూడా రక్తంలోకి చేరదు. కాఫీతోనో నారింజ రసంతోనో మింగితే ఆ కాస్తలోనూ 60 శాతం దాకా పోతుంది. అంత తక్కువ చేరే మందు పనిచేస్తుందా అంటే, చేస్తుంది. అప్పటికే వెన్నుపూస విరిగిన మహిళలకు మూడేళ్లు ఇచ్చి చూసిన పరీక్షలో వెన్ను, తుంటి ఎముకలు విరగడం దాదాపు సగానికి తగ్గింది. ఆ ఫలితాలు 1996లో వచ్చాయి. తుంటి విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసిన ఇంట్లో ఈ "సగం" అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి బిళ్ళకు ముందు డాక్టరుకు ఇవి చెప్పండి

అడగలేదు కదా అని ఊరుకోకండి. ఓపీలో పది మంది వెనక నిలబడి ఉంటే ఆయనకూ అన్నీ అడిగే తీరిక ఉండదు.

అన్నం ముద్ద గొంతులోనో ఛాతీలోనో అడ్డుపడుతుంటే చెప్పండి. అన్నవాహిక సన్నబడినవాళ్లకు, అందులోంచి తిండి నెమ్మదిగా దిగేవాళ్లకు ఈ బిళ్ళ ఇవ్వకూడదు. అరగంట నిటారుగా కూర్చోలేనివాళ్లకూ అంతే. అల్సర్ ఉన్నా, గ్యాస్ బిళ్ళ రోజూ వాడుతున్నా ఆ మాటా చెప్పండి.

కిడ్నీ రిపోర్టు పాతదైతే కొత్తది తీయించండి. కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 35 కంటే తక్కువుంటే ఈ మందు సాధారణంగా రాయరు. రక్తంలో కాల్షియం తక్కువుంటే ముందు దాన్ని సరిచేశాకే మొదలుపెట్టాలి. విటమిన్ డి కూడా చూపించుకోండి. మండే ఎండల్లో బతుకుతున్నా మనవాళ్లలో ఈ లోపం చాలామందికి ఉంటుంది.

మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు రోజూ మింగే అలవాటుంటే దాచకండి. ఆ బిళ్ళా ఈ బిళ్ళా కలిస్తే కడుపుకు రెండింతల పోటు. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే వేసుకోవాలి కాబట్టి ఆ రోజు ఏది ముందు, ఏది వెనక అని డాక్టరునే అడిగి రాయించుకోండి. రెండూ కలిపి ఒకే గుక్కలో మింగేయకండి.

చివరగా పళ్లు. పీకాల్సిన పన్ను ఉంటే, వీలైతే మందు మొదలుపెట్టకముందే ఆ పని ముగించుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

బిళ్ళ వేసుకునే ఉదయం

వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. మీరు శనివారమో గురువారమో ఉపవాసం ఉంటే ఆ రోజు వద్దు. బిళ్ళ పడ్డాక కాసేపటికి కడుపులో ఏదైనా పడాలి. నేనైతే స్ట్రిప్పు వెనక మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో "బుధవారం మాత్రమే" అని రాసి ఇస్తాను. ఎందుకంటే ఒకసారి ఒకాయన తన భార్య స్ట్రిప్పు ఖాళీ అయిందని సోమవారం కొన్నవాడు శుక్రవారమే మళ్లీ వచ్చాడు. నాలుగు బిళ్ళలు, నాలుగు రోజుల్లో! బీపీ బిళ్ళల డబ్బాలో పడేసరికి ఇదీ రోజువారీదే అనుకున్నారు. అందుకే దీన్ని రోజువారీ మందులతో కలిపి పెట్టకండి. వేరే చిన్న డబ్బా, వేరే అర.

లేచి ముఖం కడుక్కోండి. పళ్లు తోముకోవచ్చు. తర్వాత ఒక పెద్ద గ్లాసు మామూలు నీళ్లతో, అంటే సుమారు 200 మిల్లీలీటర్లతో, బిళ్ళను చప్పరించకుండా, నమలకుండా, విరవకుండా మింగండి. గ్లాసు మొత్తం తాగండి. రెండు గుటకలతో సరిపెడితే బిళ్ళ అన్నవాహికలో ఎక్కడో అంటుకుని అక్కడే కరుగుతుంది. పుండు పడేది అలాగే.

మామూలు నీళ్లంటే ఏమిటన్న దగ్గరే సగం మంది పొరబడతారు. తేనె, నిమ్మరసం కలిపిన నీళ్లు కాదు. మెంతులు నానబెట్టిన నీళ్లు కాదు. ఉప్పగా ఉండే బోరు నీళ్లూ వద్దు, వాటిలో కాల్షియం ఎక్కువ. ఇంటికొచ్చే క్యాన్ నీళ్లు ఫిల్టర్ చేసినవే కాబట్టి ఇబ్బంది లేదు.

అక్కణ్ణుంచి గడియారం చూసుకుని కనీసం 30 నిమిషాలు. ఈ అరగంటలో కాఫీ, టీ, పాలు, రాగి జావ ఏదీ వద్దు. రాగుల్లో కాల్షియం మెండు కాబట్టి మామూలు రోజుల్లో జావ ఎంత మంచిదో ఈ అరగంటలో అంత చెడ్డది. ఆకు, వక్క వేసుకునే అలవాటున్న పెద్దవాళ్లకు ఇంకో మాట: ఆకుకు రాసే సున్నం కూడా కాల్షియమే. ఒకావిడ "ఏమీ తినలేదయ్యా" అని ఒట్టేసి చెప్పారు. బుగ్గలో తాంబూలం ఉండగానే!

పడుకోకూడదు, వెనక్కి వాలకూడదు. వంగి ముగ్గు పెట్టడం, సూర్య నమస్కారాలు, దేవుడి ముందు సాష్టాంగపడటం ఇవన్నీ ఆ ఒక్క పూట తర్వాతకు మార్చుకోండి. నడవండి, వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదవండి, నిలబడి కూరగాయలు తరగండి. అరగంట అయ్యాక టిఫిన్ చేయండి. ఆ టిఫిన్ అయ్యేదాకా మాత్రం మంచం వైపు చూడకండి. ఇదే కుటుంబంలో నెలకోసారి వేసుకునే ఐబాండ్రోనేట్ 150 అయితే అరగంట చాలదు, గంట ఆగాలి.

కాల్షియం బిళ్ళ ఆ పూట వద్దు. మధ్యాహ్నం భోజనం తర్వాతో, రాత్రో వేసుకోండి. కడుపు మంటకు తాగే తెల్ల మందుకూ అదే నియమం.

స్ట్రిప్పు వెనక్కి తెచ్చిన ఆవిడ సంగతి చెప్పాలి. మంట పూర్తిగా తగ్గాక డాక్టరును అడిగి, ఇలా మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆవిడ బుధవారం పొద్దున తులసికోట చుట్టూ అరగంట తిరుగుతారు. "కాఫీ లేకుండా అరగంట ఉండటమే పెద్ద సైడ్ ఎఫెక్ట్" అంటారు.

మరిచిపోతే? గుర్తొచ్చిన మర్నాటి పొద్దున వేసుకోండి, తర్వాత మళ్లీ మీ రోజుకే రండి. ఒకే రోజు రెండు వద్దు. పొరపాటున ఎక్కువ మింగితే వాంతి చేసుకోవాలని ప్రయత్నించకండి. మందు గొంతును రెండోసారి కాలుస్తుంది. ఒక గ్లాసు పాలు తాగి, పడుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి. మామూలుగా శత్రువైన పాలు ఇక్కడ మిత్రుడు, మందును కడుపులోనే పట్టేస్తాయి.

వచ్చి పోయే ఇబ్బందులు

కడుపు నొప్పి, అజీర్ణం, వికారం, మలబద్ధకం లేదా విరేచనాలు, తలనొప్పి కనిపించవచ్చు. తేలిగ్గా ఉంటే రెండు మూడు వారాలు చూడొచ్చు. ఏ రోజు ఏమైందో క్యాలెండర్ గడిలో రాసిపెట్టండి. "బిళ్ళ వేసుకున్న రోజే వస్తోందా, వారమంతా ఉంటోందా" అన్నదే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న.

ఒళ్లు నొప్పుల సంగతి కాస్త తికమక. ఈ మందు వల్ల కీళ్లు, కండరాలు, ఎముకలు నొప్పి పెట్టవచ్చు. ఒక్కోసారి విపరీతంగా కూడా. మొదలైన మర్నాడే రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. వయసు మీద పడ్డవాళ్లకు ఒళ్లు నొప్పులు కొత్తేమీ కాదు కాబట్టి ఎవరూ దీన్ని మందుతో ముడిపెట్టరు. 2008లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా ఈ విషయం మీదే డాక్టర్లను హెచ్చరించింది. మందుకు ముందు లేని నొప్పి, మంచం దిగనివ్వని నొప్పి అయితే "వయసు" అని సర్దుకోకుండా చెప్పండి.

ఆపేసి ఫోన్ చేయాల్సినవి

ఇక్కడ ఆలోచించే పనిలేదు. తర్వాతి బిళ్ళ వేసుకోకండి, డాక్టరును కలవండి:

- మింగుతుంటే నొప్పి, లేదా ముద్ద అడ్డుపడటం
- కొత్తగా మొదలైన, లేక ఉన్నట్టుండి పెరిగిన గుండెల్లో మంట
- కాఫీ పొడిలాంటి వాంతి, తారులాంటి నల్లటి విరేచనం. ఇది రక్తస్రావం, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి
- మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లు, కండరాలు పట్టేయడం. కాల్షియం పడిపోయిన గుర్తు కావచ్చు
- కన్ను ఎర్రబడి నొప్పి పెట్టడం, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం

ముఖమో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇంకో జాగ్రత్త: ఛాతీ నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఎడమ చెయ్యో దవడో లాగడం ఉంటే అది బిళ్ళ మంటేనని ఇంట్లో కూర్చోకండి. ముందు 108కి ఫోన్ చేయండి, గుండె సంగతి తేలాక బిళ్ళ సంగతి చూసుకోవచ్చు.

మందు వల్ల ఇబ్బంది పడితే దాన్ని ప్రభుత్వానికి మీరే తెలియజేయొచ్చని మనలో చాలామందికి తెలియదు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం టోల్ ఫ్రీ నంబరు 1800 180 3024.

దవడ, తొడ: అరుదే, కానీ గుర్తు పట్టాలి

వాట్సాప్‌లో జనాన్ని భయపెట్టేవి ఈ రెండే. "దవడ కుళ్లిపోతుందట" అని బిళ్ళ పారేసినవాళ్లను చూశాను.

దవడ ఎముక దెబ్బతినడం నిజమే, 2003 నుంచి డాక్టర్లు దీన్ని నమోదు చేస్తున్నారు. అయితే అందులో ఎక్కువ భాగం క్యాన్సర్ రోగులకు ఇదే జాతి మందులు పెద్ద మోతాదులో ఇచ్చినప్పటివి. ఎముకల బలానికి బిళ్ళ వాడేవాళ్లలో ఏడాదికి 10,000 మందిలో ఒకరికి కూడా రాదు. వచ్చేది ఎక్కువగా పన్ను పీకించాక. అందుకే పీకే పని ముందు ముగించుకోమన్నాను. మందు వాడుతుండగా పంటి డాక్టరు దగ్గరికి వెళితే కుర్చీలో కూర్చోగానే "అలెండ్రోనేట్ వాడుతున్నాను, ఇన్నేళ్లయింది" అని చెప్పండి. పళ్లు క్లీనింగ్, ఫిల్లింగ్, రూట్ కెనాల్ చేయించుకోవడానికి భయం లేదు. పీకడం, ఇంప్లాంట్ అయితే ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోవాలి. పీకిన చోట వారాల తరబడి మానకపోయినా, చిగుళ్లలోంచి ఎముక తెల్లగా కనిపించినా, చీము వస్తున్నా, కింది పెదవి మొద్దుబారినా చూపించండి.

తొడ సంగతి మనవాళ్లు ఇంకాస్త శ్రద్ధగా వినాలి. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో అరుదుగా తొడ ఎముక మధ్యలో సన్నని చీలిక వచ్చి, పెద్ద దెబ్బేమీ తగలకుండానే ఒకరోజు విరుగుతుంది. 2010లో ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికను మందుతో పాటు ఇచ్చే కాగితంలో చేర్పించింది. 2020లో కాలిఫోర్నియాలో దాదాపు 2 లక్షల మంది మహిళల లెక్కలతో వచ్చిన అధ్యయనంలో, మూడేళ్లు వాడిన 10,000 మంది తెల్లజాతి మహిళల్లో 149 తుంటి విరుగుళ్లు రాకుండా తప్పాయి, ఇలాంటి తొడ విరుగుళ్లు 2 వచ్చాయి. ఆసియా మూలాలున్న మహిళల్లో తప్పినవి 91, వచ్చినవి 8. అంటే మనవైపు వాళ్లకూ లాభమే ఎక్కువ, కానీ తేడా అంత పెద్దది కాదు.

మేలు ఏమిటంటే తొడ ఎముక ఇలా విరిగే ముందు చాలాసార్లు కబురు పెడుతుంది. తొడలోనో గజ్జలోనో లోపలెక్కడో సలుపు, నడిస్తే ఎక్కువ, వారాలో నెలలో సాగుతుంది. దాన్ని నరం నొప్పి అనుకుని తైలం రాసుకుంటూ, పెయిన్ కిల్లర్ కొనుక్కుంటూ గడిపేస్తారు. అలా చేయకండి. రెండేళ్లు, మూడేళ్లు వాడాక తొడ నొప్పి మొదలైతే డాక్టరుకు మందు పేరు చెప్పి ఎక్స్‌రే అడగండి. ఒక కాలే నొప్పి పెడుతున్నా రెండు తొడలకూ. చీలిక రెండో వైపూ ఉండవచ్చు.

బిళ్ళ బదులు ఇంజెక్షన్ రాస్తే

గొంతు సమస్య ఉన్నవాళ్లకు ఏడాదికోసారి నరంలో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు రాస్తుంటారు. అరగంట నియమాలేవీ ఉండవు. కానీ మొదటిసారి ఎక్కించాక మూడు రోజుల్లోపు జ్వరం, ఒళ్లు నొప్పులు, ఫ్లూలాంటి నీరసం రావచ్చు. పెద్ద పరీక్షలో మొదటి ఏడాది సుమారు 32 శాతం మందికి వస్తే, రెండో ఏడాది 7, మూడో ఏడాది 3 శాతం మందికే వచ్చాయి. పారాసెటమాల్ సరిపోతుంది, అది కూడా డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. ఆ రోజు నీళ్లు బాగా తాగండి. వానాకాలంలో జ్వరం మూడు రోజులు దాటితే మాత్రం ఇంజెక్షన్ మీద తోసేయకుండా రక్తపరీక్ష చేయించుకోండి, డెంగీ తిరిగే రోజులవి.

ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ వేరే జాతి మందు. దాని గురించి ఒక్క మాట: గడువు దాటనీయకండి, చెప్పకుండా మానేయకండి. ఆపగానే ఎముక వేగంగా కరిగి వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది.

ఎన్నాళ్లు వాడాలి

అలెండ్రోనేట్ డెనోసుమాబ్‌లా కాదు. ఎముకలో చేరింది ఏళ్ల తరబడి ఉండిపోతుంది, ఆపినా కొంతకాలం పనిచేస్తూనే ఉంటుంది. అందుకే అయిదేళ్ల దగ్గర డాక్టర్లు ఆగి ఆలోచిస్తారు. అయిదేళ్లకు ఆపినవాళ్లనూ పదేళ్లు కొనసాగించినవాళ్లనూ పోల్చి చూస్తే మొత్తం విరుగుళ్లలో పెద్ద తేడా లేదు. నొప్పితో బయటపడే వెన్నుపూస విరుగుళ్లు మాత్రం ఆపినవాళ్లలో 5.3 శాతం, కొనసాగించినవాళ్లలో 2.4 శాతం. ఇదివరకు ఎముక విరిగినవాళ్లకు, స్కాన్‌లో ఎముక సాంద్రత స్కోరు ఇంకా బాగా తక్కువున్నవాళ్లకు కొనసాగించమంటారు. మిగతావాళ్లకు విరామం ఇస్తారు.

చిక్కేమిటంటే, ఎప్పుడు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తుండదు. "కోడలు పురిటికొచ్చిన ఏడు" అంటారు. మొదటి బిళ్ళ వేసుకున్న రోజే తేదీని డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత కొలిచే స్కాన్) రిపోర్టు మొదటి పేజీ మీద రాసి, ఫోన్‌లో ఫొటో తీసి పిల్లలకు పంపండి. డాక్టరు విరామం ఇస్తే ఆపిన తేదీ, మళ్లీ స్కాన్ ఎప్పుడు రమ్మన్నారో అది కూడా ఆ కింద రాయండి.